కుక్కల్లో ప్రీమెడికేషన్: ఏస్‌ప్రోమజిన్, డెక్స్‌మెడెటొమిడిన్, మిడాజొలామ్ జోడీలను దేనితో కొలిచి పోల్చాలి?

ప్రశ్న
రాసినవారు: పీజీ విద్యార్థిని

నమస్కారం. నేను పశువైద్య శస్త్రచికిత్సలో పీజీ చేస్తున్నాను. ఆరోగ్యంగా ఉన్న ఆడకుక్కలకు గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్‌కు ముందు ఇచ్చే మత్తు మందుల జోడీలను పోల్చడం నా థీసిస్ అంశం. కుక్కలను మూడు జట్లుగా విభజించాలని అనుకున్నాను. మొదటి జట్టుకు ఏస్‌ప్రోమజిన్ కిలోకు 0.03 మి.గ్రా., రెండో జట్టుకు డెక్స్‌మెడెటొమిడిన్ కిలోకు 5 మైక్రోగ్రాములు, మూడో జట్టుకు మిడాజొలామ్ కిలోకు 0.2 మి.గ్రా. ఇస్తాము. మూడు జట్లకూ తోడుగా బ్యూటార్ఫనాల్ అనే ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా నొప్పి మందు) కిలోకు 0.2 మి.గ్రా. ఉంటుంది. అన్నీ కండరంలోకే ఇస్తాము. ఆ తరువాత ప్రొపొఫాల్‌తో స్పృహ తప్పించి, శ్వాసనాళంలో గొట్టం వేసి, ఐసోఫ్లూరేన్ అనే పీల్చే మత్తు మందు మీద ఉంచుతాము.

అసలు పని మొదలుపెట్టే ముందు కొన్ని కుక్కల్లో ఈ జోడీలు ఎలా పనిచేస్తాయో చూసుకున్నప్పుడే సందేహాలు మొదలయ్యాయి. రెండో జట్టు కుక్కలు పది నిమిషాల్లోనే పక్కకు ఒరిగిపోతున్నాయి, సిరలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం (కాన్యులా) పెట్టేటప్పుడు కాలు కూడా లాక్కోవడం లేదు. కానీ చిగుళ్లు పాలిపోతున్నాయి, నాలుకకు పెట్టిన పల్స్ ఆక్సిమీటర్ అంకె చూపకుండా ఆగిపోతోంది, గుండె నిమిషానికి 45 సార్లే కొట్టుకుంటోంది. వెంటనే గుండె వేగం పెంచే అట్రోపిన్ ఇవ్వాలని మా సీనియర్ ఒకరు, అస్సలు ఇవ్వకూడదని మరొకరు అంటున్నారు. మొదటి జట్టు కుక్కలు అరగంటకు చక్కగా మగతలోకి వెళ్తున్నాయి గానీ ఐసోఫ్లూరేన్ పెట్టిన కొద్దిసేపటికి రక్తపోటు పడిపోతోంది. మూడో జట్టులో కొన్ని కుక్కలు ఇంజెక్షన్‌కు ముందుకన్నా ఎక్కువగా అటూ ఇటూ తిరుగుతూ, మూలుగుతూ, చేతికి చిక్కకుండా ఉంటున్నాయి.

గుండె వేగం ఇంతగా తగ్గుతున్నప్పుడు రెండో జోడీని సురక్షితమని ఎలా రాయగలను? మూడో జట్టును తీసేయడం మంచిదా? ముఖ్య ఫలితంగా దేన్ని కొలిస్తే పోలిక న్యాయంగా ఉంటుంది? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.


సమాధానం 1
రాసినవారు: మత్తువైద్య బోధకుడు

మీరు గమనించినవన్నీ ఆయా మందుల స్వభావానికి సరిపోయేవే కాబట్టి ముందుగా కంగారు పడకండి. అట్రోపిన్ సంగతి అత్యవసరం గనుక దానితోనే మొదలుపెడతాను.

డెక్స్‌మెడెటొమిడిన్ ఆల్ఫా-2 గ్రాహకాల మీద, అంటే కణాల మీద మందు అతుక్కుని పనిచేసే చోట్ల మీద, పనిచేస్తుంది. ఈ గ్రాహకాలు మెదడులోనే కాక రక్తనాళాల గోడల్లో కూడా ఉన్నాయి. ఇంజెక్షన్ ఇచ్చిన మొదటి దశలో నాళాల గోడల్లోని గ్రాహకాలు ప్రేరేపితమై నాళాలు గట్టిగా ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, ఆ పెరుగుదలను పసిగట్టిన శరీరం తనంతట తానే గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అంటే మీరు చూసిన 45 అనే అంకె గుండె అలసిపోయిన గుర్తు కాదు, పెరిగిన ఒత్తిడికి శరీరం ఇచ్చిన జవాబు. ఆ దశలో అట్రోపిన్ ఇస్తే, ముడుచుకున్న నాళాల్లోకి రక్తాన్ని నెట్టలేక ఇప్పటికే శ్రమపడుతున్న గుండె అంతకంతకూ వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. రక్తపోటు ప్రమాదకర స్థాయికి ఎగబాకుతుంది, గుండె కండరానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, లయ తప్పే అవకాశం కూడా ఉంటుంది. కాబట్టి ఇవ్వవద్దన్న మీ సీనియర్ మాట సరైనది.

అయితే గుండె వేగం తగ్గడాన్ని పట్టించుకోనవసరం లేదని దీని అర్థం కాదు. ఒక నిమిషంలో గుండె బయటికి పంపే రక్తం పరిమాణం డెక్స్‌మెడెటొమిడిన్ వల్ల గణనీయంగా తగ్గుతుంది, మోతాదు ఎక్కువైతే సగానికి కూడా పడిపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్క దీనిని తట్టుకుంటుంది. మెదడు, గుండె, మూత్రపిండాల వంటి కీలక అవయవాలకు రక్తం చాలావరకు అందుతూనే ఉంటుంది, తగ్గేది ముఖ్యంగా చర్మానికీ కండరాలకూ వెళ్లే రక్తం. మీరు చూసిన పాలిపోయిన చిగుళ్లు, అంకె చూపని ఆక్సిమీటర్ దాని ఫలితాలే. క్లిప్పును ఒకే చోట ఎక్కువసేపు ఉంచితే అది నొక్కిన చోట రక్తం మరింత తగ్గి సంకేతం పోతుంది. క్లిప్పు తీసి, నాలుకను తడిపి, మరోచోట పెట్టి చూడండి, చాలాసార్లు అంకె తిరిగి వస్తుంది. అప్పటికీ రాకపోతే తొడ లోపలి ధమని మీద వేలు పెట్టండి. నాడి నిదానంగా ఉన్నా నిండుగా, బలంగా తగులుతుంటే అది మొదటి దశ. ఏది ఏమైనా ఈ జోడీ ఇచ్చిన ప్రతి కుక్కకూ మాస్కుతో ఆక్సిజన్ పెట్టడం అలవాటు చేసుకోండి.

ఎప్పుడు జోక్యం చేసుకోవాలి? నాడి నిదానంగా ఉండడంతో పాటు సగటు ధమని రక్తపోటు 60 మి.మీ. పాదరసానికి దిగువకు వస్తే ఇక దానిని సహజ ప్రతిస్పందనగా తీసుకోకూడదు. నాళాల ముడుపు సడలి, మెదడు మీద మందు ప్రభావం మాత్రమే మిగిలిన రెండో దశలో, అందునా ఐసోఫ్లూరేన్ నాళాలను మరింత వదులు చేస్తున్నప్పుడు, ఈ పరిస్థితి వస్తుంది. అప్పుడు మొదట ఐసోఫ్లూరేన్ తగ్గించి చూడాలి. సరిపోకపోతే డెక్స్‌మెడెటొమిడిన్‌కు విరుగుడైన అటిపమెజోల్‌ను పూర్తి మోతాదులో కాక కొద్దిగా, కండరంలోకి ఇచ్చి చూడాలి. ఈ దశలో రక్తపోటు తక్కువగా ఉందని కొలిచి నిర్ధారించుకున్నాకైతే అట్రోపిన్‌కూ చోటు ఉంటుంది. కొలవకుండా ఇవ్వడమే తప్పు.

ఇక ఏస్‌ప్రోమజిన్. ఇది సరిగ్గా ఎదురు దిక్కున నడుస్తుంది. ఆల్ఫా-1 గ్రాహకాలను అడ్డుకుని నాళాలను వదులు చేస్తుంది. చిగుళ్లు గులాబీ రంగులో, నాడి మామూలు వేగంలో ఉండడం వల్ల చూసేవారికి అంతా బాగుందనిపిస్తుంది గానీ రక్తపోటు లోలోపల తగ్గుతూ ఉంటుంది. ఐసోఫ్లూరేన్ కూడా నాళాలను వదులు చేసేదే గనుక రెండూ కలిసినప్పుడు మీకు కనిపించిన పతనం సహజం. మీ 0.03 మోతాదు పెద్దదేమీ కాదు, కానీ ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 0.01 నుంచి 0.02 కూడా తోడుగా ఓపియాయిడ్ ఉన్నప్పుడు తరచుగా సరిపోతుంది. మోతాదు పెంచితే మగత అంతగా పెరగదు, దుష్ప్రభావం, వ్యవధి మాత్రం పెరుగుతాయి. పెద్ద కుక్కల్లో మొత్తం 3 మి.గ్రా. దాటనివ్వకపోవడం పాత ఆనవాయితీ, అది మంచి ఆనవాయితీ. రక్తపోటు పడిపోతే ఐసోఫ్లూరేన్ తగ్గించడం, సెలైన్ వేగం పెంచడం మొదటి మెట్లు. ఏస్‌ప్రోమజిన్ వల్ల రక్తపోటు పడిపోయిన కుక్కకు అడ్రినలిన్ ఇవ్వకూడదన్నది మాత్రం గుర్తుంచుకోండి. ఆల్ఫా గ్రాహకాలు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి గనుక అడ్రినలిన్ బీటా గ్రాహకాల మీద మాత్రమే పనిచేసి రక్తపోటును ఇంకా తగ్గించగలదు. నార్‌అడ్రినలిన్ లేదా ఫెనైలెఫ్రిన్ వాడాలి. ఈ మందుకు విరుగుడు లేదు, ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేని మందును ఎంచుకుంటున్నామన్న ఎరుక ఉండాలి.

బాక్సర్ జాతిలో ఈ మందుకు నాడి పడిపోయి కుప్పకూలిన ఉదంతాలు ఉన్నాయి. కోలీ, ఆ కుటుంబానికి చెందిన గొర్రెల కాపరి జాతుల్లో మందులు మెదడులోకి చేరకుండా అడ్డుకునే ఎండీఆర్1 జన్యువులో మార్పు ఉంటే ఏస్‌ప్రోమజిన్, బ్యూటార్ఫనాల్ రెండూ అనుకున్నదానికన్నా లోతుగా, ఎక్కువసేపు పనిచేస్తాయి. మీ అధ్యయనంలో ఈ జాతులను చేర్చకపోవడమే మంచిది. మూర్ఛ ఉన్న కుక్కలకు ఏస్‌ప్రోమజిన్ ఇవ్వకూడదన్న పాత హెచ్చరిక మాత్రం తరువాతి పరిశీలనల్లో అంత గట్టిగా నిలబడలేదు.

మూడో జోడీ గురించి ఒక్క మాటే చెబుతాను. ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్న యువ కుక్కకు మిడాజొలామ్ మంచి మత్తు మందు కాదు. అది భయాన్నీ జంకునూ తగ్గిస్తుంది, దానితో అప్పటిదాకా జంకి నిలబడిన కుక్క జంకు పోయి తిరగబడుతుంది. ముసలి కుక్కకు, జబ్బుతో నీరసించిన కుక్కకు, మరీ చిన్న పిల్లలకు అదే మందు చక్కటి మగతనిస్తుంది, గుండె మీద భారం దాదాపు ఉండదు. మీరు ఎంచుకున్న జోడీలో లోపం లేదు, ఇచ్చిన కుక్కలు దానికి సరిపడేవి కావు.


సమాధానం 2
రాసినవారు: చిన్న జంతువుల క్లినిక్

బోధకుడు గారి వివరణ చాలా ఉపయోగపడింది. ఐసోఫ్లూరేన్ యంత్రం లేని చోట్ల రోజూ వాడే, ఇంజెక్షన్‌తోనే మత్తునిచ్చే జైలజిన్, కెటమిన్ జోడీ ప్రస్తావన లేకుండా ఈ పోలిక పూర్తి కాదని నా అభిప్రాయం. జైలజిన్ కిలోకు 0.5 నుంచి 1 మి.గ్రా. ఇచ్చి, తరువాత కెటమిన్ కిలోకు 5 నుంచి 10 మి.గ్రా. ఇస్తే ఇరవై నుంచి ముప్పై నిమిషాల పని జరుగుతుంది. ఖర్చు తక్కువ, యంత్రం అక్కర్లేదు. కానీ దీని పరిమితులు తెలిసే వాడాలి.

జైలజిన్ కూడా ఆల్ఫా-2 మందే గానీ ఆల్ఫా-1తో పోలిస్తే ఆల్ఫా-2 వైపు దాని మొగ్గు దాదాపు 160 రెట్లు మాత్రమే, డెక్స్‌మెడెటొమిడిన్ దేనిలోని భాగమో ఆ మెడెటొమిడిన్‌కు అది 1,600 రెట్లకు పైన. పాతకాలపు హాలోథేన్‌తో కలిపి వాడినప్పుడు జైలజిన్ గుండె లయను దెబ్బతీయడం ప్రసిద్ధమైన విషయం. ఇంకొక సంగతి చాలామంది మరచిపోతారు. జైలజిన్ ఇచ్చే మగత గంటకు పైగా కనిపిస్తుంది గానీ నొప్పి తగ్గించే గుణం అందులో పావు వంతు సేపు కూడా నిలవకపోవచ్చు. కుక్క కదలకుండా పడుకుని ఉందంటే నొప్పి లేనట్టు కాదు. అండాశయాన్ని పట్టి ఉంచే స్నాయువును లాగిన క్షణంలో శ్వాస వేగం పెరగడం, కడుపు కండరాలు బిగుసుకోవడం చూస్తే ఆ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. కెటమిన్ రెండోసారి, మూడోసారి కలుపుతూ పోతే లేచేటప్పుడు బిగుసుకుపోవడం, తల కొట్టుకోవడం, అరవడం పెరుగుతాయి.

జైలజిన్ ఇచ్చిన కొద్ది నిమిషాలకే వాంతి చేసుకునే కుక్కలు ఎన్నో ఉంటాయి. పేగులో అడ్డంకి ఉన్నా, కడుపు ఉబ్బి మెలిపడినా, కంటికి లోతైన గాయమైనా ఆ వాంతి ప్రాణాంతకం కావచ్చు లేదా కన్ను పోగొట్టవచ్చు. అలాంటి కుక్కకు ఈ జోడీని నేను ముట్టుకోను. డెక్స్‌మెడెటొమిడిన్ విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

విద్యార్థిని గారికి ఒక సూచన. మీ మూడు జట్లలోనూ బ్యూటార్ఫనాల్ ఉంది. మగత కోసం అది మంచిదే. కానీ పొట్ట కోసే ఆపరేషన్‌కు దాని నొప్పి నివారణ చాలదు. ఓపియాయిడ్ గ్రాహకాల్లో కప్పా రకం మీద పనిచేస్తూ, మార్ఫిన్ పనిచేసే మ్యూ రకాన్ని అడ్డుకునే ఈ మందు ప్రభావం గంట, గంటన్నరకు మించి నమ్మదగినది కాదు. పైగా మధ్యలో నొప్పి ఎక్కువైందని మార్ఫిన్ ఇస్తే దానినీ కొంతవరకు పనిచేయనివ్వదు. మెథడోన్ అనే బలమైన ఓపియాయిడ్ (కిలోకు 0.2 నుంచి 0.3 మి.గ్రా.) దొరికితే మూడు జట్లకూ అదే పెట్టండి. మార్ఫిన్‌తో వచ్చే వాంతి మెథడోన్‌తో అరుదు. అది దొరకకపోతే బుప్రెనార్ఫిన్ కిలోకు 20 మైక్రోగ్రాములు ఆలోచించండి, కాకపోతే అది పనిచేయడానికి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది.


సమాధానం 3
రాసినవారు: పీజీ విద్యార్థిని

ఇద్దరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. మా దగ్గర మెథడోన్ దొరకదు గనుక బ్యూటార్ఫనాల్ కొనసాగించక తప్పేట్టు లేదు. అలాంటప్పుడు నొప్పి సంగతి ఎలా చూసుకోవాలి? అలాగే డెక్స్‌మెడెటొమిడిన్ సీసాతో వచ్చిన కాగితంలో మోతాదు శరీర వైశాల్యాన్ని బట్టి ఇచ్చారు. నేను కిలోల లెక్కన తీసుకున్నాను. ఇది తప్పవుతుందా?


సమాధానం 4
రాసినవారు: మత్తువైద్య బోధకుడు

రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ మీ ఫలితాలను తలకిందులు చేయగలిగినది. కండరంలోకి ఇచ్చి పూర్తి మత్తు తేవడానికి తయారీదారు సూచించే మోతాదు చదరపు మీటరుకు 500 మైక్రోగ్రాములు. దీనిని కిలోల్లోకి మార్చి చూడండి. 5 కిలోల కుక్క శరీర వైశాల్యం సుమారు 0.3 చదరపు మీటర్లు, అంటే కిలోకు దాదాపు 30 మైక్రోగ్రాములు అవుతుంది. 40 కిలోల కుక్కకు అది కిలోకు 15 మైక్రోగ్రాములే. అంటే ఒకే మగత కోసం చిన్న కుక్కకు కిలో లెక్కన రెట్టింపు మందు కావాలి. మీరు అన్నింటికీ కిలోకు 5 మైక్రోగ్రాములు ఇస్తే చిన్నవి సగం మెలకువతోనూ, పెద్దవి లోతైన మత్తులోనూ ఉంటాయి. ఆ తేడా మందుల జోడీకి సంబంధించినదని పొరపాటున రాసే ప్రమాదం ఉంది. తీసుకునే కుక్కల బరువును ఒక ఇరుకైన పరిధికి, ఉదాహరణకు 12 నుంచి 22 కిలోల మధ్యకు, పరిమితం చేయడం సులువైన మార్గం. ఓపియాయిడ్ తోడుగా ఉన్నప్పుడు ఆ మాత్రం కుక్కలకు 5 మైక్రోగ్రాములు సరైన మోతాదే.

నొప్పి విషయంలో బ్యూటార్ఫనాల్ ఒక్కదాని మీద ఆధారపడకండి. కోసే చోట, అండాశయ స్నాయువు దగ్గర ఆ చోటును మొద్దుబార్చే లిడోకెయిన్ వేయండి. అన్నిచోట్లా వేసేది కలిపి కిలోకు 5 మి.గ్రా. దాటకూడదు. వాపు, నొప్పి తగ్గించే మెలాక్సికామ్ మొదటి మోతాదు కిలోకు 0.2 మి.గ్రా. ఇవ్వండి. రక్తపోటు పడిపోయిన కుక్కకు దానిని మెలకువ వచ్చి రక్తపోటు కుదుటపడ్డాకే ఇవ్వాలి, లేకపోతే మూత్రపిండాలకు చేటు. ఆపరేషన్ తరువాత గ్లాస్గో సంక్షిప్త నొప్పి కొలమానం ప్రకారం అంకెలు వేయించండి. మొత్తం 24లో 6 వచ్చినా, నడిపించి చూడలేనప్పుడు 20లో 5 వచ్చినా అదనపు మందు ఇవ్వాలని ముందే ప్రణాళికలో రాయండి. ఏ జట్టుకు ఎన్నిసార్లు అదనపు మందు అవసరమైందన్నది కూడా మీకొక విలువైన ఫలితం అవుతుంది.

ఇక ముఖ్య ఫలితం. మగత లోతును మాత్రమే కొలిస్తే డెక్స్‌మెడెటొమిడిన్ గెలుస్తుంది. అది ముందే తెలిసిన సంగతి, దానికోసం థీసిస్ అక్కర్లేదు. గుండె వేగాన్ని మాత్రమే కొలిస్తే అదే మందు ఓడిపోతుంది. ఏ కొలతను ఎంచుకున్నామన్నదే గెలుపోటములను నిర్ణయిస్తున్నప్పుడు ఆ ఎంపికకు గట్టి కారణం చూపాలి. నేనైతే గొట్టం వేయడానికి అవసరమైన ప్రొపొఫాల్ మోతాదును ముఖ్య ఫలితంగా తీసుకుంటాను. ముందుగా ఏ మందూ లేని కుక్కకు కిలోకు 6 మి.గ్రా. దాకా పట్టే ప్రొపొఫాల్, ఏస్‌ప్రోమజిన్ జోడీతో 4 దగ్గరికి, డెక్స్‌మెడెటొమిడిన్ జోడీతో 1 నుంచి 3 మధ్యకు తగ్గడం మామూలుగా చూస్తాము. ప్రొపొఫాల్ ఎంత తగ్గితే శ్వాస ఆగిపోవడం, రక్తపోటు పడిపోవడం అంతగా తగ్గుతాయి గనుక ఈ కొలతకు నేరుగా కుక్క భద్రతతో సంబంధం ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా అవసరం. డెక్స్‌మెడెటొమిడిన్ ఇచ్చిన కుక్కలో రక్తం మెల్లగా తిరుగుతుంది, కాబట్టి కాన్యులాలో వేసిన ప్రొపొఫాల్ మెదడును చేరడానికి మీకు అలవాటైనదానికన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. దవడ ఇంకా బిగుతుగానే ఉందని ఓపిక లేక మరికాస్త, మరికాస్త వేస్తూ పోతే, వేసినదంతా ఒకేసారి పనిచేసి శ్వాస ఆగిపోతుంది. రెండో జట్టు లాభమంతా ఆ తొందరపాటులో కొట్టుకుపోతుంది. అందుకే సిరంజి పంపుతో అన్ని జట్లకూ ఒకే వేగంతో, నిదానంగా ఇవ్వండి. దవడ వదులవడం, రెప్ప మీద తాకితే కదలకపోవడం, గొట్టం వేసేటప్పుడు దగ్గకపోవడం వంటి గుర్తులను ముందే రాసిపెట్టుకుని, ఒకే వ్యక్తితో గొట్టం వేయించండి.

మగత అంకెలు వేసే సమయం గురించి కూడా చెప్పాలి. కండరంలోకి ఇచ్చిన ఏస్‌ప్రోమజిన్ పూర్తిగా పనిచేయడానికి ముప్పై నుంచి నలభై నిమిషాలు, డెక్స్‌మెడెటొమిడిన్‌కు పదిహేను నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. పదిహేనో నిమిషాన రెండింటికీ అంకెలు వేసి ఏస్‌ప్రోమజిన్ బలహీనమని రాస్తే అది న్యాయమైన పోలిక కాదు. 0 నుంచి 21 వరకు ఉండే సమగ్ర మగత కొలమానాన్ని తీసుకుని, ప్రతి పది నిమిషాలకూ నలభై నిమిషాల దాకా అంకెలు వేయండి. అంకెలు వేసేవారికి ఏ మందు ఇచ్చారో తెలియకూడదు. మీ అధ్యయనంలో కష్టమైన భాగం ఇదే, ఎందుకంటే పాలిపోయిన చిగుళ్లను చూసిన పశువైద్యుడెవరికైనా అది రెండో జట్టు కుక్క అని ఇట్టే తెలిసిపోతుంది. కుక్క ప్రవర్తనను వీడియో తీసి, చిగుళ్లూ యంత్రాల తెరలూ కనిపించకుండా చూసి, ఆపరేషన్ గదిలో లేని వ్యక్తితో అంకెలు వేయించండి.

రక్తపోటు కొలిచేందుకు, కాలికి కట్టిన పట్టీ (కఫ్)లోని ఒత్తిడి అలలను బట్టి తనంతట తానే అంకె చూపే ఆసిలోమెట్రిక్ యంత్రం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నాడి నిదానించి, నాళాలు ముడుచుకున్నప్పుడు అది చాలాసార్లు అంకె ఇవ్వదు, లేదా తప్పు అంకె ఇస్తుంది. ధమనిలో రక్త ప్రవాహాన్ని శబ్దంగా వినిపించే డాప్లర్ పరికరం దగ్గర పెట్టుకోండి. కఫ్ వెడల్పు కాలి చుట్టుకొలతలో దాదాపు 40 శాతం ఉండాలి. ఇరుకైన కఫ్ రక్తపోటును ఎక్కువగా, వెడల్పైనది తక్కువగా చూపిస్తుంది. అయితే డాప్లర్ ఇచ్చేది పై అంకె మాత్రమే, అది 90కి దిగువకు వస్తే జాగ్రత్తపడాలి.

మూడో జట్టును తీసేయమని మాత్రం చెప్పను. ఆ జోడీ యువ కుక్కల్లో ఎందుకు నిలకడగా పనిచేయదో అంకెలతో చూపడం కూడా అవసరమే. కానీ చేతికి చిక్కక కొరకబోయే కుక్కకు ఆ అవస్థ పొడిగించకుండా, ఏ దశలో ఏ మందు కలపాలో నైతిక సంఘానికి ఇచ్చే ప్రణాళికలో ముందే చేర్చండి.


సమాధానం 5
రాసినవారు: పల్లె పశువైద్యురాలు

చర్చ చదువుతుంటే నా దగ్గరికి వచ్చిన ఒక సందేహం అడగాలనిపించింది. పన్నెండేళ్ల చిన్న జాతి కుక్క, గుండెలో గొణుగుడు శబ్దం స్పష్టంగా వినిపిస్తోంది, మైట్రల్ కవాటం కారుతోందని స్కానింగ్‌లో తేలింది. ఇప్పటికైతే దగ్గు, ఆయాసం లేవు. చీము పట్టిన పళ్లు తీయాలి. ఇలాంటి కుక్కకు ఈ మూడు జోడీల్లో ఏది?


సమాధానం 6
రాసినవారు: మత్తువైద్య బోధకుడు

డాక్టర్ గారూ, ఇక్కడ డెక్స్‌మెడెటొమిడిన్ వద్దు. నాళాలు ముడుచుకుని ఎదురు ఒత్తిడి పెరిగితే, ముందుకు వెళ్లవలసిన రక్తం కారుతున్న కవాటం గుండా ఇంకా ఎక్కువగా వెనక్కి పోతుంది. యువ కుక్కల్లో నిరాశపరిచిన మిడాజొలామ్ జోడీయే ఈ కుక్కకు తగినది. మెథడోన్ లేదా మరొక ఓపియాయిడ్‌తో మిడాజొలామ్ కిలోకు 0.2 మి.గ్రా. చాలు. ముందుగా అయిదు నిమిషాలు ఆక్సిజన్ పెట్టి, అల్ఫాక్సలోన్ లేదా ప్రొపొఫాల్ చాలా నిదానంగా ఇవ్వండి. పై దవడ, కింది దవడ నరాలకు లిడోకెయిన్ లేదా బుపివకెయిన్ వేస్తే ఐసోఫ్లూరేన్ బాగా తగ్గించవచ్చు. ఈ కుక్కలో నాడి మరీ తగ్గకుండానూ, మరీ పెరగకుండానూ చూడాలి. సెలైన్ గంటకు కిలోకు 2 నుంచి 3 మి.లీ. మించవద్దు. ఆందోళన ఎక్కువగా ఉన్న కుక్క అయితే ఏస్‌ప్రోమజిన్ కిలోకు 0.005 నుంచి 0.01 మి.గ్రా. చేర్చినా తప్పు లేదు, నాళాలు కాస్త వదులైతే ఆ కవాటానికి మేలే.


సమాధానం 7
రాసినవారు: రికవరీ వార్డు సహాయకురాలు

అందరూ మందులు ఇచ్చే దశ గురించే మాట్లాడుతున్నారు గనుక లేచే దశ గురించి నేను చెబుతాను. 2002 నుంచి 2004 వరకు బ్రిటన్‌లో లక్షకు దగ్గరగా కుక్కలను పరిశీలించి 2008లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, మత్తుకు సంబంధించి చనిపోయినవి మొత్తం మీద 0.17 శాతం, ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో 0.05 శాతం, జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం. ఆపరేషన్ అయిపోయాక సంభవించిన మరణాల్లో దాదాపు సగం మొదటి మూడు గంటల్లోనే జరిగాయి. అందరూ ఊపిరి పీల్చుకుని పక్కకు వెళ్లే సమయం అదే.

ఏస్‌ప్రోమజిన్ ఇచ్చిన కుక్కలు ప్రశాంతంగా లేస్తాయి, కానీ చల్లబడిపోతాయి. పంజాలు, చెవి కొనలు ముట్టుకుంటే వెచ్చగానే ఉంటాయి, థర్మామీటర్ పెడితే 36 డిగ్రీలు చూపిస్తుంది. నాళాలు వదులై లోపలి వేడి చర్మం మీదుగా పోతోందన్నమాట. కాబట్టి చేత్తో ముట్టుకుని అంచనా వేయకండి. డెక్స్‌మెడెటొమిడిన్ ఇచ్చిన కుక్కలతో మరో జాగ్రత్త అవసరం. లోతుగా నిద్రపోతున్నట్టు కనిపించే కుక్క స్టీలు ట్రే కింద పడిన శబ్దానికి ఒక్కసారిగా తల ఎత్తి కొరకగలదు. మూతి దగ్గర చెయ్యి పెట్టే ముందు నేను నెమ్మదిగా పిలిచి, మెడ వెనుక తాకి చూస్తాను. ఈ మందుతో మూత్రం కూడా ఎక్కువగా వస్తుంది, పడక తడిస్తే ఒళ్లు ఇంకా చల్లబడుతుంది గనుక పొడి గుడ్డలు మారుస్తూ ఉండాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా కనిపించినా అది చాలావరకు మందు ప్రభావమే, ఇన్సులిన్ తాత్కాలికంగా తగ్గడం వల్ల వస్తుంది.


సమాధానం 8
రాసినవారు: పీజీ విద్యార్థిని

లేచే దశను కూడా ఫలితాల్లో చేర్చుకుంటున్నాను, చాలా కృతజ్ఞతలు మేడమ్. చివరిగా ఒక్కటి. రెండో జట్టు కుక్కలన్నింటికీ ఆపరేషన్ అవగానే అటిపమెజోల్ ఇవ్వాలా?


సమాధానం 9
రాసినవారు: మత్తువైద్య బోధకుడు

అన్నింటికీ అక్కర్లేదు. 5 మైక్రోగ్రాముల మోతాదు గంటన్నర తరువాత చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. ఆపరేషన్ త్వరగా ముగిసినప్పుడో, గొట్టం తీశాక నాడి, ఉష్ణోగ్రత తక్కువగానే ఉండి కుక్క తల ఎత్తనప్పుడో ఇవ్వండి. ప్రామాణిక గాఢతలు ఉన్న సీసాలైతే, అంటే డెక్స్‌మెడెటొమిడిన్ మి.లీ.కు 0.5 మి.గ్రా., అటిపమెజోల్ మి.లీ.కు 5 మి.గ్రా. అయితే, ఇచ్చిన డెక్స్‌మెడెటొమిడిన్ ఎన్ని మి.లీ.లో అన్ని మి.లీ.ల అటిపమెజోల్ పూర్తి మోతాదు అవుతుంది. సమయం గడిచిన కొద్దీ సగమే చాలు. కండరంలోకే ఇవ్వండి. సిరలోకి వేస్తే నాళాలు ఒక్కసారిగా వదులై రక్తపోటు పడిపోవచ్చు, కుక్క ఉలిక్కిపడి లేవవచ్చు.

అటిపమెజోల్ మత్తుతో పాటు డెక్స్‌మెడెటొమిడిన్ ఇచ్చిన నొప్పి నివారణను కూడా తీసేస్తుంది. అప్పటికి బ్యూటార్ఫనాల్ ప్రభావం కూడా తీరిపోయి ఉంటుంది. కాబట్టి విరుగుడు ఇచ్చే ముందు కోత దగ్గరి లిడోకెయిన్ వేసి ఎంతసేపైందో, మెలాక్సికామ్ ఇచ్చారో లేదో చూసుకోండి. రెండూ లేకపోతే మొదట బుప్రెనార్ఫిన్ ఇచ్చి, అరగంట ఆగి, నొప్పి అంకె వేశాకే అటిపమెజోల్ వేయండి. ప్రణాళికలో ఈ వరుసను అలాగే రాయండి, ఏ కుక్కకు ఏ నిమిషాన విరుగుడు ఇచ్చారన్నది ప్రత్యేక గడిలో నమోదు చేయండి. లేకపోతే లేచే సమయాల పోలికలో మీ రెండో జట్టు అంకెలకు అర్థం ఉండదు.